చేయి తిరిగిన పనివాణ్ణి ఇన్‌చార్జిగా తయారుచేయడం ఎలా? ఏడాదిపాటు పక్కనుండి నేర్పే పద్ధతి

మీ షాపులో సూపర్వైజరు ఉన్నట్టుండి మానేశాడనుకోండి. అచ్యుతాపురం వైపు ఎవరో నాలుగు వేలు ఎక్కువిస్తామన్నారు, పదిహేను రోజులు నోటీసిచ్చి వెళ్ళిపోయాడు. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. ఉన్నవాళ్ళలో బాగా చేయి తిరిగిన వెల్డరునో ఫిట్టరునో పిలిచి, భుజం తట్టి, "రేపట్నుంచి ఈ షిఫ్టు నువ్వే చూసుకో" అంటాం.

నేనూ అదే చేశాను. మాది గాజువాక ఆటోనగర్లో ఫ్యాబ్రికేషన్ షాపు, అంతా కలిపి అరవై మందిమి. ఎక్స్‌రే తీస్తే ఒక్క జాయింటు కూడా వెనక్కి రాని వెల్డరు ఒకతను ఉండేవాడు, అతణ్ణి ఇన్‌చార్జిని చేశాను. నాలుగు నెలలు నడిచింది. ఎవరికైనా పని సరిగ్గా రాకపోతే వాళ్ళకు చెప్పే బదులు హోల్డర్ లాక్కుని తనే చేసేవాడు, రాత్రి పది దాకా ఉండి మరీ చేసేవాడు, హెల్పర్లు చేతులు కట్టుకుని చూస్తూ ఉండేవాళ్ళు. తర్వాత గొడవలు, తర్వాత మాటామాటా పెరగడం, చివరికి రాజీనామా. ఒకే దెబ్బకు మంచి వెల్డరూ పోయాడు, ఇన్‌చార్జీ పోయాడు. అందులో అతని తప్పేమీ లేదు, తప్పు నాది. వెల్డింగు నేర్చుకోవడానికి అతనికి ఏళ్ళు పట్టింది, మనుషుల్ని నడిపించడం మాత్రం రాత్రికి రాత్రే వచ్చేస్తుందనుకున్నాను.

విశాఖలో అప్రెంటిస్ అన్న మాట తెలియని వీధి ఉండదు. షిప్‌యార్డు, పోర్టు, బీహెచ్‌పీవీ, స్టీల్ ప్లాంటు, ఎక్కడో ఒకచోట అప్రెంటిస్ చేసి పైకొచ్చిన మనిషి మనకు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. కంచరపాలెం ఐటీఐలో చదివినా సరే, సీనియర్ పక్కన నిలబడి, తిట్లు తిని, స్క్రాపు ముక్కల మీద చేయి తిప్పి తిప్పి ఆ తర్వాతే అసలు జాబు ముట్టుకునేవాళ్ళు. రెండు రోజులు హోటల్లో క్లాసు చెప్పి ప్రెషర్ వెసెల్ మీద వెల్డింగు చెయ్యమని ఏ బుద్ధున్న ఫోర్‌మనూ అనడు. మరి పద్నాలుగు మంది మనుషుల్ని చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఆ రెండు రోజుల క్లాసు కూడా లేకుండా పెట్టేస్తున్నాం. ఈ వ్యాసంలో చెప్పేదల్లా పని నేర్పే ఆ పాత పద్ధతినే పెద్దరికం నేర్పడానికి ఎలా వాడుకోవచ్చో. మా దగ్గర ఇప్పటికి మూడు విడతలు చేశాం కాబట్టి చూసిందే చెబుతున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టినదేం కాదు. బ్రిటన్‌లో దీనికి ప్రభుత్వమే ఒక పద్ధతి పెట్టింది: టీమ్ లీడర్ స్థాయికి లెవెల్ 3, ఆపరేషన్స్ మేనేజర్ స్థాయికి లెవెల్ 5 అని మెట్లు పెట్టారు, కొత్తవాళ్ళే కాదు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు కూడా చేరడానికి వీలిచ్చారు. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీల దగ్గర, దాటిన మొత్తం మీద అర శాతం లెవీ 2017 ఏప్రిల్ నుంచి వసూలు చేస్తున్నారు, ఆ డబ్బును కంపెనీలు అప్రెంటిస్ శిక్షణకు వాడుకోవచ్చు. జర్మనీలో 'మైస్టర్' అయ్యేవాడు తన పనిలో పరీక్ష పాసైతే చాలదు, పక్కవాడికి నేర్పడం వచ్చో లేదో కూడా పరీక్ష పెడతారు. వీటి నుంచి చిన్న షాపులవాళ్ళం మనం మూడు తీసుకోవచ్చు. పనీ నేర్చుకోవడమూ కలిసి నడవాలి, నేర్చుకునే టైము జీతమిచ్చే గంటల్లోనే ఉండాలి, చివర్లో పరీక్ష పెట్టేది నేర్పినవాడు కాకూడదు.

మన చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ ముందు అడిగేది అదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు, కాంట్రాక్టు వాళ్ళను కూడా కలుపుకుని, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అది కొత్తగా పనిలోకి వచ్చే పిల్లల కోసం. మీ దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉన్న ఫిట్టరు దాని కిందికి రాడు. కాబట్టి ఇతన్ని ఆ రిజిస్టర్లో ఎక్కించొద్దు, స్టైఫండ్ అని రాయొద్దు. అతను మీ పూర్తిస్థాయి ఉద్యోగి, జీతం, పీఎఫ్, సర్వీసు అన్నీ యథాతథం. మీరిచ్చేది ఏడాది పాటు ట్రైనీ ఇన్‌చార్జి అనే ఉత్తర్వు, అంతే.

ముందు మనిషిని చూడండి

సీనియారిటీ చూసి తీసుకోకండి. పనితనం ఒక్కటే చూసి కూడా తీసుకోకండి, దాని ఫలితం పైనే చెప్పాను. ఒక వారం రోజులు షాపులో ఊరికే తిరగండి. సూపర్వైజరు లేని పూట హెల్పర్లు సందేహం వస్తే ఎవరి దగ్గరికి నడుస్తున్నారు? కొత్త కుర్రాడికి గ్రైండరు ఎలా పట్టుకోవాలో ఎవరూ అడక్కుండానే ఎవరు చూపిస్తున్నారు? డ్రాయింగులో తేడా ఉందని చెప్పడానికి ఎవరు ముందుకొస్తున్నారు, తెలిసి కూడా "మనకెందుకు" అని ఎవరు ఊరుకుంటున్నారు? ఈ మూడింటికీ ఒకే మనిషి పేరు వస్తే వెతుకులాట అయిపోయినట్టే. మా దగ్గర అలా దొరికిన మొదటి మనిషి వెల్డింగులో మూడో స్థానమో నాలుగో స్థానమో, మొదటివాడైతే కాదు.

తర్వాత అతన్ని అడగండి. అడగాలి, ఆర్డరెయ్యకూడదు. చాలామందికి ఇష్టం ఉండదు, దానికి సోమరితనం కారణం కాదు. కారణం ఓటీ, అంటే ఓవర్‌టైము. మనం ఆఫీసులో కూర్చుని ప్రమోషన్ అనుకునేది ఇంట్లో జీతం కోతగా దిగుతుంది. ఉదాహరణకు వెల్డరుకు జీతం 22 వేలు, ఓటీ మీద ఇంకో ఏడు వేలు, మొత్తం 29 వేలు ఇంటికి తీసుకెళ్తున్నాడనుకోండి. ఇన్‌చార్జిని చేసి 26 వేలిచ్చి ఓటీ లేదన్నామంటే నెలకు మూడు వేలు తగ్గినట్టు, పైగా టెన్షన్ ఎక్కువ, రాత్రి పదకొండింటికి ఫోన్లు ఎక్కువ. ఈ లెక్క మీరు ముందే కాగితం మీద వేసి, అతని చివరి ఆరు నెలల పే స్లిప్పులు తీసి సగటు కట్టి, ఆ సగటు తగ్గకుండా ట్రైనీ అలవెన్సు పెట్టండి. ఇది చేయలేకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టకండి, ఎందుకంటే మూడో నెలకల్లా ఇంట్లోవాళ్ళే "ఈ పెద్దరికం మనకెందుకు, వెనక్కి వెళ్ళిపో" అంటారు, వాళ్ళన్నదాంట్లో న్యాయం ఉంటుంది.

ఒక కాగితం, మూడు గళ్ళు

అన్నిటికన్నా ఎక్కువ టైము పెట్టవలసింది ఈ కాగితం మీద. ట్రైనీ ఇన్‌చార్జి అని పేరిచ్చి ఏ అధికారమూ ఇవ్వకపోతే అతను మీకూ కుర్రాళ్ళకూ మధ్య కబుర్లు మోసే మనిషిగా మిగిలిపోతాడు. మొత్తం అధికారం ఒకేసారి ఇచ్చేస్తే మా పాత వెల్డరు కథే. అందుకని ఒక ఏ4 సైజు కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడి: అడిగి చేసేవి. రెండోది: చేసి చెప్పేవి. మూడోది: చెప్పక్కర్లేనివి.

మొదట్లో మా కాగితం ఇలా ఉండేది. ఎవరినైనా పనిలోంచి ఆపడం, పార్టీకి డెలివరీ తేదీ మార్చి చెప్పడం, రెండు గంటలకు మించి ఓటీ వేయడం, ఇలాంటివన్నీ అడిగి చేసేవి. ఎవరిని ఏ జాబు మీద వెయ్యాలి, సగం రోజు పర్మిషన్ ఇవ్వాలా వద్దా, ఇద్దరు షిఫ్టు మార్చుకుంటామంటే ఒప్పుకోవాలా, స్టోర్స్ నుంచి రెండు వేల రూపాయల లోపు ఇండెంట్, ఇవి చేసి చెప్పేవి. టీ టైము పావుగంట అటూ ఇటూ జరపడం, ఊడ్పు ఎవరి వంతు, పొద్దున టూల్ బాక్స్ టాక్‌లో (పని మొదలయ్యే ముందు అందరూ నిలబడి భద్రత గురించి మాట్లాడుకునేది) దేని గురించి మాట్లాడాలి, ఇవి చెప్పక్కర్లేనివి. రెండు నెలలకోసారి కూర్చుని ఒకటో రెండో అంశాలు మొదటి గడి నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి జరపండి. ఏడాది చివరికి మొదటి గడిలో నాలుగైదు మిగిలితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం మెట్లు లేవు. ప్రమాదం అనిపిస్తే పని ఆపే అధికారం మొదటి రోజు నుంచే అతనిది. ఆపేసి తర్వాత చెప్పొచ్చు. అనవసరంగా ఆపాడని తేలినా మాట అనకండి, ఒకసారి అన్నారంటే రెండోసారి ఆపవలసినప్పుడు కూడా ఆపడు.

ఈ కాగితాన్ని సొరుగులో పెట్టుకోకండి, క్రూ మొత్తానికి చదివి వినిపించి నోటీసు బోర్డు మీద అంటించండి. ఎందుకంటే రెండో వారంలో ఎవరో ఒకరు అతన్ని దాటి నేరుగా మీ దగ్గరికొస్తారు, "సార్, రేపు సగం రోజు పర్మిషన్ కావాలండి" అంటారు. మీకు పెద్ద విషయం కాదు, సరే అనేయాలనిపిస్తుంది. అనకండి. "మీ ఇన్‌చార్జిని అడిగారా?" అనండి, అంతకు మించి ఒక్క మాట వద్దు. ఆ రోజు మీరు సరే అన్నారంటే ఆ గడులన్నీ చెరిపేసినట్టే.

పక్కన నిలబడే పెద్ద ఎవరు?

గురువు అనండి, మెంటర్ అనండి, మా షాపులో "పెద్దమేస్త్రి" అంటారు. మాకు కలిసొచ్చింది ఏంటంటే, ముప్పై ఏళ్ళు పెద్ద కంపెనీల్లో ఛార్జ్‌మన్‌గా చేసి రిటైరై, కూర్మన్నపాలెంలో ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్దాయన వారానికి రెండు పూటలు రావడానికి ఒప్పుకున్నారు. ఇలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నంతమంది ఇంకెక్కడా ఉండరేమో. ఉక్కునగరం నుంచి, షిప్‌యార్డు కాలనీ నుంచి రిటైరైనవాళ్ళు పొద్దున పార్కులో నడిచి, పేపరు చదివి, పదింటికల్లా ఖాళీ అయిపోతున్నారు. వెళ్ళి అడగండి, డబ్బు కన్నా ముందు గౌరవంగా అడగండి, వాళ్ళు వస్తారు.

జీతం పెంచడం, సెలవు ఇవ్వడం ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషి గురువు కాకపోతేనే మంచిది. తప్పు చేసినట్టు పై అధికారి దగ్గర ఎవరూ మనసు విప్పి చెప్పరు. ఇక గురువు పాటించవలసిన నియమం ఒకటే ఉంది కానీ అది చాలా కష్టం: క్రూ ముందు నోరు మెదపకూడదు. ట్రైనీ తప్పు చెబుతున్నాడని తెలుస్తున్నా, ప్రమాదం లేనంతవరకు ఊరుకోవాలి, తర్వాత పక్కకు తీసుకెళ్ళి మాట్లాడాలి. మా పెద్దాయన మొదటి నెలలో రెండుసార్లు అందరి ముందే దిద్దేశారు. ఆ రెండుసార్లూ కుర్రాళ్ళ కళ్ళు ట్రైనీ మీంచి ఆయన మీదికి మళ్ళాయి, మళ్ళీ ఇటు తిప్పడానికి వారం పట్టింది.

వారానికోసారి, మా దగ్గర గురువారం మధ్యాహ్నం, ముప్పావుగంట ఇద్దరూ కూర్చోవాలి. ఆ ముప్పావుగంటకు ఆధారం ఒక నోటు పుస్తకం. రోజూ షిఫ్టు అయ్యాక ట్రైనీ అందులో నాలుగు వాక్యాలు రాయాలి: ఏం జరిగింది, నేనేం చేశాను, దానికి ఏమైంది. ఇంగ్లీషులో రాయమని బలవంతం చేయకండి, తెలుగులో రాస్తేనే నిజం బయటికొస్తుంది. అలా రాసిన ఒక పేజీ అతని అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను: "హెల్పరు ఈ వారం రెండోసారి ఆలస్యం. అందరి ముందు అరిచాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. వాళ్ళమ్మని కేజీహెచ్‌లో చేర్చారని టీ దగ్గర వేరేవాళ్ళు చెప్పారు."

గురువారం పెద్దాయన ఆ పేజీ చదివి తిట్టలేదు, నీతి చెప్పలేదు. "ఆ మాట పొద్దున్నే తెలియాలంటే నువ్వు వాడినేం అడిగుండాలి?" అన్నారు. ట్రైనీ చాలాసేపు ఆలోచించి, "ఎందుకు లేటైందని అడగలేదండి, ఎన్నిసార్లు లేటొస్తావని అడిగాను" అన్నాడు. అంతే. మర్నాడు వెళ్ళి హెల్పరుతో మాట్లాడి, అమ్మ ఇంటికొచ్చేదాకా రెండు వారాలు బి షిఫ్టుకు మార్చాడు. నేను ఎన్ని క్లాసులు చెప్పినా ఆ ఒక్క ప్రశ్న చేసినంత పని చేసేవి కావు.

నేర్పడం నేర్పండి

మూడో నెల నుంచి అతని చేత ఇంకొకరికి పని నేర్పించండి. దీనికి మంచి పాత పద్ధతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940 నుంచి 1945 దాకా, అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని జనం వేలకు వేలుగా వచ్చిపడినప్పుడు సూపర్వైజర్ల కోసం టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే శిక్షణ పెట్టారు. అందులో పని నేర్పడానికి నాలుగు మెట్లు: ముందు నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, తర్వాత చేసి చూపించడం, తర్వాత అతని చేత చేయించడం, ఆ తర్వాత వదిలేసి అప్పుడప్పుడు వచ్చి చూడటం. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. మూడో మెట్టు దగ్గర మనమందరం ఎలా దొరికిపోతామో చూడండి.

7018 వెల్డింగు రాడ్లు మీకు తెలుసు. సముద్రం పక్కన మన గాలిలో తేమ సంగతి కూడా తెలుసు. ప్యాకెట్ విప్పి బల్ల మీద వదిలేస్తే రాడ్ మీది ఫ్లక్సు తేమ పీల్చుకుంటుంది, ఆ తేమలోంచి హైడ్రోజన్ వెల్డులోకి చేరుతుంది, జాబు చల్లారాక ఎప్పుడో పగులు కనిపిస్తుంది. అందుకే రాడ్లు ఓవెన్లోనే ఉంచి కావలసినన్నే తీయాలి. మా ట్రైనీ ఇది కొత్త హెల్పరుకు చెప్పాడు, చూపించాడు, "అర్థమైందా?" అన్నాడు, "అయిందండి" అన్నాడు వాడు. గంట తర్వాత చూస్తే పన్నెండు రాడ్లు బల్ల మీద. "అర్థమైందా" అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు కదా. రెండోసారి అలా అడగలేదు, "నువ్వే తీసి చూపించు, ఎందుకలా చేస్తున్నావో కూడా చెబుతూ చెయ్యి" అన్నాడు. చెబుతూ చేసేటప్పుడు తెలిసింది, రాడ్లు వేడిగా ఉంటే బాగా అంటుకుంటాయని వాడు అనుకుంటున్నాడట, తేమ సంగతి చెవిన పడనే లేదు. కాబట్టి ట్రైనీకి మీరు పెట్టవలసిన నియమం ఇది: చేతులతో చేయాలి, నోటితో కారణం చెప్పాలి, రెండూ అయ్యేదాకా నేర్పినట్టు లెక్కకాదు.

లెక్కలు, కాగితాలు

ఇది పెద్ద కష్టం కాదు, నాలుగో నెలలో మొదలుపెట్టండి. జాబు కార్డులో ఎన్ని మనిషి గంటలు అనుకున్నాం, ఎన్ని పట్టాయి, గ్యాసు సిలిండర్లు ఎన్ని పోయాయి, రీవర్క్ ఎన్ని గంటలు. వారానికి ఒక జాబు లెక్క అతని చేత కట్టించండి, మీ కొటేషన్ పక్కన పెట్టి చూపించండి. కొటేషన్ చూపించడానికి చాలామంది ఓనర్లు భయపడతారు. లాభం ఎంతో తెలియకుండా ఖర్చు తగ్గించమంటే ఎవరికి మనసొప్పుతుంది? హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు లేచే పనికి ముందు తీసుకునే అనుమతి), మస్టరు, షిఫ్ట్ హ్యాండోవర్ బుక్కు, ఇవి ఎలాగూ రోజూ చేస్తూనే నేర్చుకుంటాడు.

క్లాసులు వద్దనడం లేదు. మొదటి మూడు నెలలు అయ్యాక పంపండి, అప్పటికి అతని దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి. మొదటి వారంలోనే పంపితే ఫైలూ పెన్నూ తెచ్చుకుంటాడు, అంతే.

టైము గురించి ఒక మాట. వారానికి నాలుగు గంటలు నేర్చుకోవడానికి వదలండి, ఏడాదికి 48 వారాలనుకుంటే 192 గంటలు, అంటే ఎనిమిది గంటల షిఫ్టులు 24. ఇదే మీ అసలు ఖర్చు. దీన్ని షిఫ్టు అయిపోయాక పెట్టొద్దు. మా వదిన రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లో లైన్ చూసుకుంటుంది. పీలింగ్ హాల్లో పనిచేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే, సూపర్వైజర్లు మాత్రం మగవాళ్ళు. ఎందుకని అడిగితే "ట్రైనింగు షిఫ్టయ్యాక పెడతార్రా, కంపెనీ బస్సు వెళ్ళిపోతే మేమెలా ఇంటికెళ్తాం" అంది. ఆ ఒక్క టైము మార్చితే ఎంతమంది దొరుకుతారో ఆలోచించండి. మీ దగ్గర ఆడవాళ్ళు పనిచేస్తుంటే ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు బస్సు టైము చూసి టైమ్‌టేబుల్ వేయండి.

ఒక కష్టమైన పని పూర్తిగా వదిలేయండి

ఏడెనిమిది నెలలు గడిచాక, తప్పించుకోవడానికి వీల్లేని ఒక పని అతనికి అప్పగించి మీరు పక్కకు జరగాలి. మా దగ్గర అది సంక్రాంతి సెలవుల లిస్టు. ఈ ఊళ్ళో షాపు నడిపేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు, భోగికి ముందు రోజు ఎవరూ ఆగరు. ఆ ఏడాది సరిగ్గా ఆ వారమే ఒక షట్‌డౌన్ జాబు (ప్లాంటు ఆపి చేసే రిపేరు పని) పడింది, పద్నాలుగు మందిలో కనీసం ఆరుగురు ఉండాలి. సెలవు అడిగినవాళ్ళు పదకొండు మంది.

అంతకుముందు ఏడు నేనే లిస్టు వేసి బోర్డు మీద పెట్టి, రెండు రోజులు ఆఫీసులోంచి బయటికి రాలేదు. ట్రైనీ అలా చేయలేదు. పదిహేను రోజుల ముందే టీ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి, "ఆరుగురు ఉండాలి, ఎవరుండాలో నేను చెప్పను, ఎలా తేల్చాలో ముందు మీరే చెప్పండి" అన్నాడు. కాసేపు గోల. తర్వాత ఎవరో "పోయినేడు ఉండిపోయినోళ్ళని ఈసారి ముందు పంపాల" అన్నారు, అందరూ ఒప్పుకున్నారు. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన ముగ్గురు తమకు జూన్‌లో వచ్చే రజ పండగ ముఖ్యమని, అప్పుడు సెలవిస్తే ఇప్పుడు ఉంటామని అన్నారు. ఆ మాట అన్నేళ్ళుగా వాళ్ళనెవరూ అడగలేదు, నేను కూడా. అడగని ముగ్గురు వాళ్ళే కాబట్టి ఇంకా ముగ్గురు కావాలి. ఇద్దరు కుర్రాళ్ళు పోయినేడు వెళ్ళొచ్చాం కదా అని ఒప్పుకున్నారు. మిగిలింది ఒక్కరు.

ఆ ఒక్కరు పెద్ద ఫిట్టరు. ట్రైనీకి మొదట పని నేర్పినాయన. పోయినేడు వెళ్ళొచ్చారు, లెక్కప్రకారం ఈసారి ఉండాలి. నేను అద్దంలోంచి చూస్తున్నాను, లేచి వెళ్దామనిపించింది కానీ వెళ్ళలేదు.

"బాబాయ్, లెక్కప్రకారం నువ్వుండాల్సొస్తోంది."

"నాకు లెక్కలు సెప్తావేట్రా? నీకు టార్చి పట్టుకోడం నేర్పిందెవరు?"

"నువ్వే. అందుకే నీకొక లెక్క, వీళ్ళకొక లెక్క అని నేనంటే వీళ్ళలో ఎవడైనా రేపు నా మాట వింటాడా? నువ్వే చెప్పు."

ఆయన సమాధానం చెప్పలేదు. గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున బోర్డు మీద ఆయన పేరు ఆయన చేత్తోనే రాసి ఉంది, కింద "కనుమ నాడు పోతాను" అని. ట్రైనీ కనుమ రోజు ఆయన్ని పంపి, ఆ రోజుకు ఆయన జాబు తను చేశాడు. ఆ రోజు అతను టార్చి పట్టుకోవడం తప్పు కాదు, ఎప్పుడు పట్టుకోవాలో తెలిసి పట్టుకున్నాడు.

మీ దగ్గర సంక్రాంతి లిస్టు కాకపోవచ్చు. తాగి పనికొచ్చిన మనిషితో మాట్లాడటం కావచ్చు, ఇద్దరు కాంట్రాక్టర్ల కుర్రాళ్ళ మధ్య గొడవ కావచ్చు. ముందు రోజు గురువుతో కూర్చోబెట్టి ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకోనివ్వండి, తర్వాత మీరు వేలు పెట్టకండి.

పరీక్ష బయటివాళ్ళ చేత పెట్టించండి

పదకొండో నెలలో. మేం ఆటోనగర్లోనే ఇంకో షాపు ఓనర్‌తో ఒప్పందం చేసుకున్నాం, మా మనిషిని ఆయన చూస్తారు, ఆయన మనిషిని నేను చూస్తాను. ఒక పూట షిఫ్టు మొదలైనప్పటి నుంచి పక్కన నిలబడి చూడాలి: హ్యాండోవర్ ఎలా తీసుకున్నాడు, పని ఎలా పంచాడు, మధ్యలో ఏదైనా తేడా వస్తే ముందు ఏం అడిగాడు. తర్వాత నోటు పుస్తకంలోంచి ఏవో మూడు పేజీలు తీసి వాటి మీద ప్రశ్నలు. తర్వాత ట్రైనీ లేకుండా క్రూలో నలుగురితో విడివిడిగా మాట్లాడాలి. ఆ నలుగురిలో ఒకరు కొత్త హెల్పరై ఉండాలి, పెద్దవాళ్ళు మొహమాటపడి చెప్పనివి వాడు చెబుతాడు.

పాసవ్వకపోతే? ఏడాది మొదట్లోనే ఈ మాట రాసి ఇవ్వండి: వెనక్కి తన పనిలోకి వెళ్ళవచ్చు, పాత జీతం, పాత ఓటీ, సర్వీసు ఏదీ తగ్గదు, ఎవరూ దెప్పిపొడవరు. మా రెండో విడతలో ఒకతను ఆరో నెలలోనే వచ్చి, "సార్, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, నన్ను నా మిషన్ దగ్గరికి పంపేయండి" అన్నాడు. పంపేశాం. ఆ ఆరు నెలల్లో నేర్పడం బాగా పట్టుబడింది అతనికి, ఇప్పుడు కొత్తగా వచ్చే ఐటీఐ పిల్లలందరికీ మొదటి నెల వెల్డింగు నేర్పేది అతనే, దానికి వేరే అలవెన్సు ఇస్తున్నాం. ఇలా వెనక్కి వెళ్ళే దారి తెరిచి పెట్టకపోతే మొదట్లోనే ఎవరూ ముందుకు రారు.

పాసైతే ఆ రోజే ఆర్డరు కాగితం, కొత్త జీతం అంకెతో సహా, క్రూ ముందు చేతికివ్వండి. వచ్చే నెల చూద్దాం, ఆడిటయ్యాక చూద్దాం అనొద్దు, అతను ఏడాది పాటు గడువులు ఎలా నిలబెట్టుకోవాలో నేర్చుకున్నాడు మరి. మొదటి ఆరు నెలలు వీలైతే వేరే షిఫ్టుకు ఇన్‌చార్జిగా పంపండి, పాత స్నేహితుల మధ్యే మొదలుపెట్టడం కన్నా తేలిక. అలవెన్సు కొత్త జీతంలో కలిసిపోతుంది కాబట్టి ఓటీ లెక్క ఇంకోసారి చూసుకోండి, అప్పుడు కూడా చేతికొచ్చేది తగ్గకూడదు. మూడు గళ్ళ కాగితం మాత్రం పారేయకండి. బోర్డు మీంచి తీసి అతనికే ఇవ్వండి, తర్వాతి ట్రైనీ కోసం మొదటి గడి నింపవలసింది ఇక అతనే.